వెనక తెడ్డు

మలేషియాలో మా ఊరు సుంగై సిపుట్. బస్టాండు నుంచి మా ఇంటికి మోటారుసైకిలు మీద పావుగంట. మొన్న ఆ దారిన కళ్ళు మూసుకుని వచ్చాను. కుడికంటికి శుక్లం తీసి కట్టు కట్టారు. ఎడమకంటికి ఇంకా తీయలేదు. దానితో చూస్తే మనుషులందరూ నీళ్ళ అడుగున నిలబడినట్టు ఉంటారు. దుమ్ము పడుతుంది, రెండూ మూసుకోండి అని నర్సు చెప్పింది. మనవడి నడుం పట్టుకుని వెనక కూర్చున్నాను.

కొంత దూరం పోయాక నాకే తెలియకుండా చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు కాఫీ కొట్టు మలుపు. ఇప్పుడు రైలు పట్టాలు. ఇదిగో, ఇక ఎడమకి. వాడు హ్యాండిల్ తిప్పకముందే నా ఒళ్ళు ఆ వైపుకు ఒరుగుతోంది.

వాడు పగలబడి నవ్వాడు. ఇక్కడి కుర్రాళ్ళందరిలాగే వాడూ మాట చివర 'లా' తగిలిస్తాడు. "తాతా, చీటింగ్ లా! కన్ను మూసినావు, ఎలా తెలుసు నీకు?"

నేనూ నవ్వబోయాను. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ జవాబేమిటో నాకు వినిపించగానే దాన్ని మింగేశాను. మిగతా మలుపులు చెప్పడం మానేశాను. కన్ను నొప్పెడుతోందనుకుని వాడు బండి నెమ్మది చేశాడు.

నేను పుట్టిన రబ్బరు తోట ఉత్తరాన, అడవి కొండల మధ్య ఉండేది. మట్టిరోడ్డు వానకు తెగిపోతే వారాల తరబడి నదే మాకు రోడ్డు. బియ్యం బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, కొత్త కోడళ్ళు, జబ్బు చేసినవాళ్ళు, అందరూ దానిమీదే రావాలి, దానిమీదే పోవాలి. కూలీల వరుస ఇళ్ళను లయం అనేవాళ్ళం. మా లయంలో అన్నీ తెలుగు ఇళ్ళే. పొద్దున్న లేస్తే పొగగదిలో ఆరేసిన రబ్బరు షీట్ల వాసన, పులిసిన రబ్బరు పాల వాసన, వాటి మీదుగా నాయనమ్మ కట్టెపొయ్యి మీద కాల్చే ఉప్పు చేప వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఉప్పు చేప కాలితే నాకు ఆకలి కంటే ముందు సిగ్గు వేస్తుంది.

ఏడాదికోసారి, వానలు తగ్గుముఖం పట్టి నది నిండుగా ఉన్న రోజుల్లో, పడవ పందెం జరిగేది. ఎగువన రంపపు మిల్లు రేవు నుంచి దిగువన ఇనప వంతెన ఉన్న పట్నం దాకా. తెల్లవారుతూనే బయల్దేరితే చేరేసరికి పొద్దు వాలేది. తోటల పడవలు, మలాయి పల్లెల పడవలు, మిల్లులో పనిచేసే చీనావాళ్ళ పడవ వచ్చేవి. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు పగిలి, పగిలినచోట చెమట దిగి మండుతుంటే, ఇంకా సగం నది మిగిలి ఉండేది.

మా పడవ ఒకే మానును తొలిచి చేసింది. పద్నాలుగు మంది తెడ్లు వేస్తే, అందరికీ వెనక కూర్చుని పెద్ద తెడ్డుతో పడవను తిప్పేవాడు మా చిన్నతాత. మా తాతకు తమ్ముడు. మా తాత నేను పుట్టకముందే పోయాడు కాబట్టి నాకు తాత అంటే ఆయనే. పందేనికి నెల ముందునుంచే ఆయన గుగ్గిలం కాచి పడవ పగుళ్ళకు పూసేవాడు. ఆ ఘాటు లయమంతా నిండేది. ఒకసారి నేను ఆ వేడి గుగ్గిలం కొబ్బరిచిప్పలో తెచ్చి మా బావ కూర్చునే పీటకు పూశాను. బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. వాడు లేచాడు గానీ నిక్కరు లేవలేదు.

చిన్నతాత కొట్టలేదు. "ఒరే గుంటడా, పడవకి పూసింది నీళ్ళు రాకుండా. మీ బావకి పూసింది ఏటి రాకుండా?" అని అడిగాడు.

"పెళ్ళాం రాకుండా, మరిదీ!" అని వంటింట్లోంచి నాయనమ్మ అందుకుంది. బావ పీటకు అంటుకున్న నిక్కరు పీకుతూ ఏడుస్తుంటే లయమంతా నవ్వింది.

పందెపు దారిలో సగం దూరాన ఒక పెద్ద మలుపు ఉండేది. గట్టు మీద సున్నం పూసిన బండరాయి దానికి గుర్తు. మావాళ్ళు మొదటిసారి ఆ తోటకు వచ్చింది ఏటికి ఎదురుగా నడిపిన పడవల్లోనట. దారిలో జ్వరాలు తగిలాయి. పోయినవాళ్ళను ఆ మలుపు గట్టునే పాతిపెట్టి పడవలు ముందుకు సాగాయి. అలా అక్కడ ఉండిపోయినవాళ్ళలో మా తాతనూ చిన్నతాతనూ కన్న తల్లి ఒకతె. అప్పటికి చిన్నతాత పాలు తాగే పిల్లాడు.

అందుకని మా పడవ ఏటా పందెం మధ్యలో అక్కడ ఆగేది. దానికొక పద్ధతి ఉంది. ముందు పీట మీద ఎప్పుడూ జట్టులోకెల్లా చిన్నవాణ్ణి కూర్చోబెట్టాలి. మలుపు రాగానే వాడు "వచ్చినాం!" అని కేక వేయాలి. ఆ కేక వింటూనే తెడ్లన్నీ పైకి లేవాలి. వాడు నడుముకు కట్టుకున్న పసుపు బియ్యపు మూటను నీళ్ళలో వదిలి, "మేం తిన్నాం. మీరు తినండి," అనాలి. మూట మునిగాక వెనకనుంచి చిన్నతాత "పదండి" అంటే మళ్ళీ తెడ్లు దిగేవి. కేక ఇంకెవరూ వేయకూడదు. చిన్నతాత కూడా వేయకూడదు.

"నువ్వే అరవొచ్చు కదా తాతా?" అని ఒకసారి అడిగాను.

"మా గొంతులు ఆళ్ళకి ఎరికేరా. కొత్త గొంతు ఇనబడితేనే కదా, ఎనకాల పిల్లలు బతికినారని తెలిసేది."

ముందు రోజు సాయంత్రం నుంచి ఆ మూట మునిగేదాకా ఆయన ఏమీ తినేవాడు కాదు. ఆళ్ళు తినకుండా నానెలా తింతాను అనేవాడు.

మేం ఆగిన ఆ కాసేపట్లో వెనకున్న పడవలు దాటిపోయేవి. మేం ఏనాడూ గెలవలేదు. పట్నం బళ్ళో పిల్లలు మమ్మల్ని "ఓయ్ నాసీ!" అని పిలిచేవాళ్ళు. మలాయిలో నాసీ అంటే అన్నం. నదికి అన్నం పెట్టి ఓడిపోయే జట్టు అని వెక్కిరింత. కానీ ఏటా మాతో పోటాపోటీగా వచ్చే మలాయి పల్లె పడవ ఒకటుండేది. అది ఆ మలుపు దగ్గర పాట ఆపేసేది. వాళ్ళ వెనక తెడ్డు పట్టే పెద్దాయన చెయ్యి ఎత్తగానే ఆ జట్టు గట్టువైపు నీళ్ళను మాకు వదిలేసి, ఏటి నడుమకు జరిగి, తెడ్లు మెల్లగా వేసుకుంటూ దాటేది. మలుపు దాటాకే మళ్ళీ పాట ఎత్తుకునేవాళ్ళు.

నాకు పదహారేళ్ళు వచ్చిన ఏడాది ముందు పీట నాదైంది. అదే ఆఖరి పందెం కూడా. మలుపుకు దిగువన ఆనకట్ట పని మొదలైంది. గోడ లేస్తే తోట, లయం, మలుపు అన్నీ మునుగుతాయని, మమ్మల్ని తలా ఒక చోటికి పంపేస్తామని చెప్పారు.

అప్పటికి చిన్నతాత కళ్ళకు తెల్లపొర కమ్మింది. ఈసారి తెడ్డు ఇంకొకరికిస్తే మంచిదని జట్టులో పెద్దవాళ్ళు కొందరు అన్నారు.

"కళ్ళతో తిప్పినానేటిరా ఇన్నాళ్ళూ?" అన్నాడాయన. తెడ్డు ఆయన దగ్గరే ఉండిపోయింది.

పందెం ముందు వారమంతా బావా నేనూ అదే మాట. దొరగారి బంగళా వెనక దొంగిలించిన రాంబుటాన్ పళ్ళు ఒలుచుకుంటూ బావ అనేవాడు: "ఏటా ఆగుతాం, ఏటా ఓడిపోతాం. ఇంక పందెమే నేదు. ఒక్కసారైనా గెలిసి సావొద్దా?"

"ఆగాల కదరా."

"ఆగమని ఎవడు అరవాల? నువ్వే కదా." పండు గింజ దూరంగా ఉమ్మేసి, నా మొహం చూసి, "ఊరికే అన్నానురా నాసీ," అని నవ్వాడు.

వాడు ఊరికే అన్నాడు. నేను మాత్రం ఆ మాటను దాచుకున్నాను. నేరం సగం వాడి మీదికి తోసి చాలా ఏళ్ళు బతికాను. వాడిప్పుడు లేడు. ఈ నేరంలో వాడి వాటా ఒక గింజంత కూడా లేదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

పందెం రోజు పొద్దున్న రేవులో నాయనమ్మ మా అందరి చేతులకూ నువ్వుల నూనె రాసింది. చిన్నతాత తడుముకుంటూ నా దగ్గరికి వచ్చి మూటను నా నడుముకు కట్టాడు. ఏటా ఆయన వాళ్ళమ్మ పాత చీరలోంచి ఒక ముక్క చింపి అందులో బియ్యం కట్టేవాడు. ఆ గుడ్డ మెత్తగా, పసుపు వాసన వేస్తూ ఉంది.

"ఇదే ఆఖరి ముక్కరా. సీరా అయిపోనాది, మలుపూ అయిపోతంది. ఇంకెవులూ రారని ఆళ్ళకి తెలీదు. గట్టిగా అరవాల, ఇనబడాల."

"అలాగే తాతా," అన్నాను.

సగం దారి దాకా ముందు మలాయి పల్లె పడవ, దాని పక్కనే మేము. మిగతావి చాలా వెనకబడ్డాయి. సన్నగా వాన మొదలైంది. నా జీవితంలో నా చేతులు అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. వాళ్ళ ముందు పీట కుర్రాడు నావైపు చూసి "నాసీ! నాసీ!" అని తెడ్డు తాళానికి అరుస్తున్నాడు. వాన తెరలోంచి సున్నపు బండ కనిపించింది.

వాళ్ళ పాట ఆగిపోయింది. పెద్దాయన చెయ్యి లేచింది. ఆ కుర్రాడు కూడా నోరు మూసుకుని తల వంచుకున్నాడు. వాళ్ళ పడవ ఏటి నడుమకు జరిగి నెమ్మదించింది. గట్టువైపు నీళ్ళు, దగ్గరి దారి, మా ముందు ఖాళీగా పరుచుకుని ఉన్నాయి.

నేను కేక వేయలేదు.

"ఒరే," అన్నాడు నా వెనక పీటలో ఉన్న బావ. "ఒరే, మలుపురా." నేను తెడ్డు ఇంకా జోరుగా వేశాను. ముందు పీట వాడి తాళం ఎంతో మిగతా పదమూడు తెడ్ల తాళం అంతే. అందరూ వేశారు. బండ నా కుడిపక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, తడిసి మెరుస్తూ వెనక్కి పోయింది. సరిగ్గా అప్పుడే పడవ తోక ఒక్క క్షణం అటు ఇటు ఊగింది. వెనక తెడ్డు నీళ్ళలో లేనట్టు అనిపించింది. చూపు లేని మనిషి, అలిసిపోయాడు, చెయ్యి జారింది అనుకున్నాను. మళ్ళీ తెడ్డు దిగింది. పడవ చక్కగా మలుపు తిరిగింది. వెనకనుంచి ఒక్క మాట రాలేదు. వానలో ఆయనకేమీ తెలియలేదని నా గుండె కుదుటపడింది.

మేము గెలిచాం. వంతెన మీద జనం కేకలు వేశారు. ఆగకుండా వచ్చామన్న మాట జట్టులో ఎవరూ ఎత్తలేదు, తర్వాత కూడా చిన్నతాత ముందు ఎవరూ అనలేదు. రేవులో ఎవరో నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. అప్పుడు నడుముకున్న మూట ఒరుసుకుంది. మూట సంగతి నాకు అప్పటిదాకా గుర్తే లేదు. ఆగకుండానే, తెడ్డు వేస్తూనే, ఒక చేత్తో దాన్ని అక్కడ జారవిడిచి ఉండొచ్చు. ఒక్క తెడ్డు తాళం తప్పేది, అంతే. ఆ ఒక్కటి కూడా నేను వాళ్ళకు ఇవ్వలేదు.

కిందికి దిగి, పడవలు కట్టే కర్రల చాటుకు పోయి, మూటను నీళ్ళలో వదిలేశాను. ఎవరైనా అడిగితే నదిలో వేశానని చెప్పడానికి. అది అక్కడే కాసేపు తేలి, బుడగలు వదిలి మునిగింది. మలుపు ఎక్కడో ఎగువన ఉంది. ఏరు ఎగువకు పారదు.

తలెత్తేసరికి మలాయి పల్లె పెద్దాయన నిలబడి ఉన్నాడు. నీళ్ళవైపు చూశాడు, నావైపు చూశాడు. "ఈసారి మీవాళ్ళకి అన్నం పెట్టలేదా?" అని తన భాషలో మెల్లగా అడిగాడు. నేనూ పుట్టినప్పటినుంచి మాట్లాడే భాషే అది. అర్థం కానట్టు తల అడ్డంగా ఊపి వచ్చేశాను.

గట్టు మీద నాయనమ్మ ఆకు పొట్లాలు విప్పుతోంది. అన్నం, కాల్చిన ఉప్పు చేప, మిరపకాయలు నూరిన సంబల్. చిన్నతాత పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడు విని తల తిప్పాడు.

"ఏసినావేట్రా?"

"ఏసినాను తాతా."

"అరిసినావా?"

"అరిసినాను. వానకి నీకు ఇనపడలేదేమో."

"వాన ఎక్కువే," అన్నాడు. తర్వాత తన పొట్లం నా చేతిలో పెట్టాడు. "నువ్వు తిను. తెడ్డేసినోడివి. నాకు ఆకలి నేదు."

ముందు రోజు సాయంత్రం నుంచి ఏమీ తినని మనిషి. నేను తిన్నాను. రెండు పొట్లాలూ తిన్నాను. చేప తలకాయ కూడా వదల్లేదు. గెలుపు కప్పులో నీళ్ళు పోసుకుని తాగాను.

పందెమైన రెండు వారాలకు లారీలు వచ్చాయి. ఆ రెండు వారాల్లో ఏ రోజైనా చిన్న పడవ ఒకటి అడిగి తీసుకుని మలుపు దాకా పోయి ఉండొచ్చు. చీర ముక్క లేకపోయినా బియ్యం ఉన్నాయి, గొంతు ఉంది. పోలేదు. నాయనమ్మ సామాన్లు కట్టమంటే కట్టాను. కప్పును చొక్కాలో చుట్టి నా మూటలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాను. లారీ ఎక్కేముందు చిన్నతాత నా భుజం పట్టుకుని మళ్ళీ అడిగాడు. "ఏసినావు కదరా?" ముసలితనం, మతిమరుపు అనుకున్నాను. "ఎన్నిసార్లడుగుతావు తాతా," అని విసుక్కున్నాను కూడా.

కొత్తచోట ఆయన ఏడాది బతకలేదు. అది నది లేని ఊరు. మంచం మీద పడుకుని చెయ్యి పక్కకు వేలాడేసి గాలిలోనే తిప్పుతూ ఉండేవాడు. ఒక మధ్యాహ్నం నాయనమ్మ నన్ను ఆయన దగ్గర కూర్చోబెట్టి గంజి కాయడానికి పోయింది.

"ఒరే, ఆ మూట ఏసినప్పుడు నీళ్ళు ఎలాగున్నాయిరా? సెప్పు."

నేను చెప్పాను. ఎంత చక్కగా చెప్పానో. నీళ్ళు అద్దంలా నిలిచాయని, మూట తెల్లబండ పక్కనే దిగిందని, పసుపు కాస్త పైకి తేలి గట్టువైపు పోయిందని, నా కేకకు అవతలి చెట్ల మీద పిట్టలు లేచాయని చెప్పాను. వాన పడుతున్న రోజున నీళ్ళు అద్దంలా ఎలా ఉంటాయన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఆయన కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

"బాగా సెప్పినావురా," అన్నాడు.

నమ్మాడు కదా, ఆ తృప్తితోనే పోతాడు, నేను మంచే చేశాను అనుకున్నాను. యాభై ఏళ్ళు అలాగే అనుకున్నాను. అబద్ధం ఆడాననే బాధ ఉండేది. కానీ ఆ అబద్ధం ఆయన్ను కాపాడిందనే ఊరట కూడా దాని పక్కనే ఉండేది. మా ఆవిడకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఆనకట్ట వెనక ఇప్పుడు పెద్ద చెరువు ఉంది. ఒకసారి పోయాను. పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే మోటారు పడవలున్నాయి. ఎక్కడికి పోనివ్వాలి అని పడవవాడు అడిగితే చెయ్యి ఎటు చూపించాలో తెలియక దిగిపోయాను.

మొన్న మోటారుసైకిలు మీద, రెండు కళ్ళూ మూసుకుని ఉండగా, ఆ ఊరట కాస్తా పోయింది.

రోజూ తిరిగే పావుగంట దారి నా ఒంటికే ఇంత తెలిస్తే, జీవితమంతా ఆ నదిని అరచేతుల్లో పెట్టుకుని తిప్పినవాడికి తన తల్లి ఉన్న మలుపు తెలియకుండా ఉంటుందా? పడవను ఆ మలుపు తిప్పింది ఆయన చేతులే. తెడ్డు జారలేదు. నా కేక కోసం ఆయన తెడ్డు ఎత్తి పట్టుకున్నాడు. పద్నాలుగు తెడ్లు ఆగకుండా నీళ్ళు కోస్తుంటే ఆయన ఒక్కడూ తెడ్డెత్తి కూర్చున్నాడు. కేక ఆయన వేయకూడదు, కాబట్టి వేయలేదు. కేక రాలేదు, కాబట్టి మళ్ళీ దించి నన్ను గెలుపు దాకా తీసుకుపోయాడు. ఆ సాయంత్రం ఆయనకు ఆకలి లేకపోవడం కాదు. ఆళ్ళు తినలేదు. తర్వాత మూడుసార్లు నన్ను అడిగాడు. మూడుసార్లు నా కోసం ఆగాడు. చివరికి ఇక అడిగే ఓపిక లేక, "బాగా సెప్పినావురా," అని చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటి ముందు మనవడు బండి ఆపి, నన్ను చెయ్యి పట్టి దించాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడ్డం తక్కువ. కట్టు కింద కన్ను తడవకూడదని నర్సు చెప్పింది, వాడు అదే భయంతో నా మొహంలోకి వంగి చూస్తున్నాడు.

"తాతా, నొప్పి ఎక్కువా? ఏటి అయింది?"

"నువ్వు అడిగినావు కదరా, ఎలా తెలుసని," అన్నాను. "ఎనక కూర్చున్నోడికి మలుపు తెలస్తాదిరా. ముందున్నోడు సెప్పకపోయినా తెలస్తాది."

"ఓకే లా," అన్నాడు వాడు. నా చెప్పులు గడప వైపు తిప్పి పెట్టాడు.